కాలి నెత్తుటి నడకను కొలిచిన చరిత్ర



కొంతదూరము నడచునప్పటికి పిక్కలు పట్టివేయుట, రచ్చబండపై కొంచెముసేపు కూర్చుండగానే నొప్పి మాయమగుట, లేచి మరల అంతదూరము నడచినంతనే మరల పట్టుకొనుట — ఇట్టి బాధ మన గ్రామములలో కొందఱు పెద్దలకు కలదు. దీనిని వాతమనియు, ముసలితనమనియు తలంచి నూనె మర్దించుకొని యూరకుందురు. అన్నియు వాతములు కావు. కొందఱియందు కాలికి నెత్తురు కొనిపోవు ధమని లోపల పూడికపడి యిఱుకై యుండును. పంటకాలువలో ఒండ్రు పేరుకొన్నపుడు చివరిమడికి నీరందనట్లే, నడచునపుడు పిక్కకు కావలసిన నెత్తురందదు. పొగత్రాగువారికిని, మధుమేహము గలవారికిని ఇది మెండు. ఉపేక్షించినచో కొందఱికి పాదము నల్లబడి కాలే తీసివేయవలసివచ్చును. అట్టి ధమనిలో నెత్తురెంత వేగముగా పాఱుచున్నదో కోత లేక, సూది లేక కొలుచు విధము లోకమునకు ఎట్లు వచ్చెనో ఈ పూట మనవి చేసెదను.

ఈ వ్యాధి మొదట చక్కగా గుర్తింపబడినది మనుష్యునియందు గాదు, గుఱ్ఱమునందు. కొంత పరుగెత్తగానే కుంటుచు, నిలిపినచో బాగగుచుండిన యొక గుఱ్ఱమునుగూర్చి 1831 లో ఫ్రాన్సుదేశపు పశువైద్యుడు బూలే వ్రాసెను. 1858 లో షార్కో యను వైద్యుడు మనుష్యునియందును అదియే కలదని చూపెను. వైద్యులు దీనికి పెట్టిన 'క్లాడికేషన్' అను పేరునకు లాటినుభాషలో కుంటుట యనియే యర్థము.

వ్యాధి తెలిసినను ధమనిలోపలి సంగతి తెలియుటెట్లు? నాడీపరీక్ష మనకు క్రొత్తది కాదు, శార్ఙ్గధరసంహితయందే కలదు. పాదముపై వ్రేలుంచి నాడి చూచుట నేటికిని వైద్యుని మొదటి పనియే. కాని నాడి కలదో లేదో చెప్పు వ్రేలు, ఇఱుకు ఎచ్చట నున్నది, ఎంత యున్నది అని చెప్పజాలదు. 1929 లో లిస్బను నగరమున దోస్ సాంటోస్ అను శస్త్రవైద్యుడు నడుమువెనుకనుండి పొడవైన సూదిని మహాధమనిలోనికి గ్రుచ్చి, మందెక్కించి, ఎక్సురేతో బొమ్మ తీసెను. ఘనకార్యమే. అయినను అది ధమని ఆకారమును చూపెనే గాని నెత్తుటి వేగమును చూపలేదు. అంతటి సూదిని మాటిమాటికి ఎవ్వరు సహింతురు?

ఉపాయము ఆకాశమునుండి దిగివచ్చినది. 1842 లో ప్రాగు నగరమున క్రిస్టియన్ డాప్లరు అను గణితాచార్యుడు జంటనక్షత్రముల రంగులనుగూర్చి యొక వ్యాసము చదివెను. మనవైపు వచ్చుచున్న వస్తువునుండి పుట్టిన అలలు దగ్గఱగాను, దూరముగ పోవుచున్నదానినుండి పుట్టినవి ఎడముగాను చేరుననుట ఆయన సిద్ధాంతము. స్టేషనునందు నిలువక దూసుకొనిపోవు రైలుకూత మనలను దాటగానే స్థాయి తగ్గుట దీనిచేతనే. 1845 లో హాలెండుదేశమున బైస్ బలాట్ అను పండితుడు రైలుబండిపై బాకా ఊదువారిని ఎక్కించి, దారిప్రక్కన స్వరజ్ఞానముగల విద్వాంసులను నిలిపి, ఇది నిజమని తేల్చెను. నక్షత్రముల రంగులనుగూర్చి డాప్లరు చెప్పిన యర్థము నిలువలేదు, సూత్రము నిలిచెను. శాస్త్రములయందు ఇట్టివి తఱచు.

మన చెవికి సెకనుకు ఇరువదివేలకు మించిన కంపనములు వినబడవు. అట్టి ధ్వనిని పుట్టించుటకు, పట్టుటకు తగిన స్ఫటికగుణమును 1880 లో క్యూరీ సోదరులు కనుగొనిరి. మొదటి ప్రపంచయుద్ధమున లాంజవాఁ దానిని జలాంతర్గాములను వెదకుటకు వినియోగించెను. దానిని నెత్తుటివైపు త్రిప్పినవాడు జపానుదేశమున ఒసాకాలోని సతోమురా. అవయవముల ధమనులలోని ప్రవాహమును ఈ ధ్వనితో పరిశీలించి 1959 లో ప్రకటించి, మఱుసటి సంవత్సరముననే ఆయన గతించెను. 1961 లో అమెరికాలోని సియాటిల్ నగరమున ఫ్రాంక్లిను, ష్లెగెలు, రష్మరు అనువారు ఇట్టి సాధనమునే ప్రకటించిరి. అచ్చటి శస్త్రవైద్యుడు స్ట్రాండ్నెస్ దానిని కాలిరోగుల కొఱకు పట్టుకొనెను.

ఇందలి లెక్క వినదగినది. సెకనుకు 50 లక్షల కంపనములుగల ధ్వనిని చర్మముమీదినుండి పంపుదురు. మాంసమునందు దాని వేగము సెకనుకు 1540 మీటర్లు. అది పరుగిడు ఎఱ్ఱకణములకు తగిలి మరలివచ్చును. నెత్తురు సెకనుకు ఒక మీటరు చొప్పున పాఱుచు, ధ్వని దానికి 60 డిగ్రీల వాలులో తగిలినచో, పోయినదానికిని వచ్చినదానికిని భేదము ఇంచుమించు 3,250 కంపనములు. ఇది మన చెవికి వినబడు సంఖ్య! కావుననే తొలియంత్రములకు చెవి చాలినది. ఆరోగ్యముగల కాలిధమని ధ్వనిలో మొదట పెద్దది ముందునకు, పిదప చిన్నది వెనుకకు, మరల చిన్నది ముందునకు — మూడు భాగములుండును. ఛందస్సు చదివినవారికి గురువు, రెండు లఘువులు, భగణమనవచ్చును. ధమని పూడినపుడు, ఆ పూడికకు దిగువ లఘువులు నశించి, ఒక్క మందమైన ఊదుడే మిగులును.

కాని యొక చిక్కు. ధ్వని నెత్తుటిదారికి సరిగా అడ్డముగ తగిలినచో భేదమే కనబడదు. వాలు తెలియనిదే వేగము తెలియదు. చెవికి ధమని ఏ వాలున నున్నదో తెలియదు. 1974 లో బార్బరు, బేకరు, స్ట్రాండ్నెస్ మొదలగువారు ధమని బొమ్మను, ప్రవాహధ్వనిని ఒక్క యంత్రమున జతపఱచుటతో ఈ చిక్కు విడెను. బొమ్మమీద వాలు కొలిచి, వేగము లెక్కింతురు. స్ట్రాండ్నెస్ బృందము 1985 లో ఆరోగ్యవంతుల కాళ్ళను కొలువగా తొడధమనిలో గరిష్ఠవేగము సెకనుకు ఒక మీటరు ప్రాంతమునను, మోకాటివెనుక 70 సెంటీమీటర్ల ప్రాంతమునను ఉండెను. తూము ఇఱుకైనచోట నీరు ఉరికినట్లు, పూడికయందు నెత్తురును ఉరుకును. ఎగువవేగమునకు రెండింతలు దాటినచో ధమని సగమైనను మూసికొన్నదని వైద్యులెంచుదురు.

బొమ్మలేని చిన్నయంత్రము నేటికిని వ్యర్థము గాలేదు. లండనులో యావో మొదలగువారు 1969 లో చూపినట్లు, చీలమండయొద్ద పట్టీ బిగించి, డాప్లరుతో వినుచు రక్తపుపోటు కొలిచి, చేతిపోటుతో భాగింతురు. 0.90 కంటె తక్కువయైనచో కాలిధమనులలో అడ్డు కలదని యర్థము. మధుమేహరోగులకు ధమనిగోడలు గట్టిపడి పట్టీకి లొంగవు గనుక, సంఖ్య బాగుగ నున్నను నమ్మరాదు. అట్టివారికి బొమ్మయంత్రము తోడ్పడును.

1980 దశకమున జపానువారు ప్రవాహమునకు రంగులద్దిరి. మనవారు స్కానింగు తెఱమీద ఎఱుపును చూచి మంచినెత్తురనియు, నీలమును చూచి చెడునెత్తురనియు భయపడుచుందురు. ఆ రంగులు దిక్కునే తెలుపును: సాధారణముగ ఎఱుపు యంత్రమువైపు వచ్చునది, నీలము దూరముగ పోవునది. యంత్రము నడుపువాడు ఒక్క మీట నొక్కినచో రెండును తాఱుమాఱగును.