ఎ, బి, సి... ఆపైన

మార్చి పెద్దపేగు క్యాన్సర్ అవగాహన మాసం. పేగుల ఊసు పత్రికల్లో మొహమాటం లేకుండా ఎత్తగలిగేది ఏడాది మొత్తం మీద ఈ ఒక్క నెలే. పేగులో పుట్టిన గడ్డ కాలేయం దాకా ఎలా పాకుతుందో ఆరా తీసినవాళ్ల కథ కూడా ఇప్పుడే చెప్పేసుకోవాలి.

పాతకాలం గురించి చెప్పడానికి ఆట్టే లేదు. ఉన్న అర్బుదం మీద మరొకటి లేస్తే సుశ్రుతుడు దాన్ని అధ్యర్బుదం అన్నాడు. గ్రీకులు ఈ జబ్బుకు పీత పేరు పెట్టారు. తప్పంతా నల్లపిత్తానిదని ప్రాచీన వైద్యుడు గేలెన్ తేలిస్తే, ఆ మాట వెయ్యేళ్లకు పైగా చెల్లింది. 1829లో పారిస్ వైద్యుడు రెకామియే క్యాన్సర్ ఒకచోటి నుంచి మరోచోటికి పాకడాన్ని మెటాస్టాసిస్ అన్నాడు. 1889లో లండన్ సర్జన్ స్టీఫెన్ పేజెట్ రొమ్ము క్యాన్సర్‌తో పోయిన 735 మంది వివరాలు తిరగేసి, ఇది విత్తనం లాంటిది, నేల కుదిరితేనే మొలుస్తుందన్నాడు.

ఇక నాకు ఇష్టమైన చోటికి వద్దాం: లండన్‌లోని సెయింట్ మార్క్స్ ఆసుపత్రి. మలద్వార వ్యాధులతో బాధపడే బీదల కోసం ఫ్రెడరిక్ సాల్మన్ 1835లో ఏడు పడకలతో దాన్ని మొదలుపెట్టాడు. పెద్దమనుషులు పేరెత్తడానికే సిగ్గుపడే జబ్బులు మరి! అయినా 1841లో సాక్షాత్తూ చార్లెస్ డికెన్స్ భగందరంతో సాల్మన్ కత్తి కిందికి రాక తప్పలేదు. అప్పటికి మత్తుమందు లేదు.

1922లో ఆ ఆసుపత్రికి కత్‌బర్ట్ డ్యూక్స్ అనే పాథాలజిస్టు వచ్చాడు. సర్జన్లు కోసి తీసిన పేగు ముక్క ఆయన బల్ల మీదికి చేరేది. చుట్టూ ఉన్న కొవ్వును ఓపికగా విడదీసి, లింఫు గ్రంథులను ఒక్కొక్కటే వెతికి, దేనిలో క్యాన్సర్ ఉందో, దేనిలో లేదో గుర్తించేవాడు. ఏళ్ల తరబడి అదే పని. 1932లో లెక్క తేల్చాడు. పేగు గోడ దాటకపోతే ఎ. గోడ దాటినా గ్రంథులను అంటకపోతే బి. గ్రంథులకు చేరితే సి. రోగి ఎంతకాలం బతుకుతాడన్నది ఈ అక్షరాలను బట్టి చెప్పవచ్చని చూపించాడు. ఇంత చక్కని పద్ధతిని లోకం ఊరికే వదులుతుందా? 1935కల్లా ఆయనే సి ని రెండు చేశాడు. అమెరికావాళ్లు 1954లో బి నీ సి నీ తమకు తోచినట్టు చీల్చారు. తర్వాత ఇంకెవరో డి తగిలించారు.

పేగు లోపలి గోడ మీద లేచే బుడిపెలు, అంటే పాలిప్స్, వంశపారంపర్యంగా వచ్చే కుటుంబాల రిజిస్టరు కూడా సెయింట్ మార్క్స్‌లోనే పుట్టింది. ల్యాబ్‌లో కుర్రాడిగా చేరిన బస్సీ జీవితమంతా దాన్ని రాస్తూ కూర్చుని, చివరికి డాక్టరేటు కూడా అందుకున్నాడు. అలాంటి కుటుంబాల్లో దెబ్బతిన్న ఏపీసీ జన్యువు 1991లో దొరికింది.

అక్కడి నుంచి కథ చిక్కులు పడుతుంది. బీటా కెటెనిన్ అనే ప్రొటీన్‌ను ఎప్పటికప్పుడు తగ్గించి ఉంచడం ఏపీసీ పని. అది చెడితే బీటా కెటెనిన్ పోగై, కేంద్రకంలో చేరి, కణాన్ని విభజించుకోమని పురిగొల్పుతుంది. తమాషా ఏమిటంటే, కణం అంచున ఈ-కెడ్హెరిన్ అనే మరో ప్రొటీన్‌తో కలిసి పక్క కణాన్ని పట్టి ఉంచేది కూడా ఇదే ప్రొటీన్. ఆ పట్టు సడలిన కణం విడిపోయి రక్తంలో పడుతుంది. పేగు రక్తం పోర్టల్ సిర గుండా నేరుగా కాలేయానికే వెళ్తుంది. విడ్డూరంగా, అక్కడ నాటుకున్నాక ఆ కణాలు చాలాసార్లు మళ్లీ ఒకదాన్నొకటి పట్టుకుని, పుట్టిన గడ్డలో ఉన్న పొందికలోనే పేరుకుంటాయి.

జన్యువులు ఒకదాని తర్వాత ఒకటి చెడుతూ పాలిప్ క్యాన్సర్‌గా మారుతుందని శాస్త్రవేత్తలు వోగెల్‌స్టీన్, ఫియరన్ 1990లో మెట్లు గీశారు. పాకడానికీ అలాంటి మెట్టే ఉంటుందనుకోవడం సహజమే. కానీ 2008లో వోగెల్‌స్టీన్ బృందమే వేసిన అంచనా వేరు: పెద్ద పాలిప్ ముదిరిన క్యాన్సర్ కావడానికి సుమారు 17 ఏళ్లు, అక్కడి నుంచి పాకే శక్తి రావడానికి రెండేళ్ల లోపే. ఆ కొద్ది కాలంలో కొత్తగా చెడే జన్యువులు కూడా బహు తక్కువ.

2017లో మరో మెలిక. నోట్లో ఉండే ఫ్యూజోబ్యాక్టీరియం అనే సూక్ష్మజీవి కొందరిలో పేగు గడ్డలోనే కాదు, కాలేయానికి పాకిన గడ్డలో కూడా కనిపించింది. అలాంటి గడ్డలు నాటిన ఎలుకలకు మెట్రోనిడజోల్ ఇస్తే గడ్డ ఎదుగుదల మందగించింది. మన ఇళ్లలో అమీబా విరేచనాలకు వాడే మాత్రే అది. క్యాన్సర్‌కు వేసుకోవడానికి మాత్రం ఎలుకల మీద ఫలితం చాలదు.