స్టాయికియోమెట్రీ లెక్కలు: తప్పు ఎక్కడ జరుగుతోంది?

హోంవర్కులో ఈ లెక్కలు రాగానే మీలో చాలామంది పేజీ ఖాళీగా వదిలేస్తున్నారు, లేదా పక్కవారి నోట్సు చూసి రాసేస్తున్నారు. "నాకు కెమిస్ట్రీ రాదు సార్" అంటున్నారు. నోట్సులు దిద్దుతుంటే మాత్రం తప్పు చాలావరకు ఒక్కచోటే కనిపిస్తుంది: గ్రాములను, మోల్‌లను కలిపేయడం.

రెండు మోల్‌ల హైడ్రోజన్, ఒక మోల్ ఆక్సిజన్ కలిస్తే రెండు మోల్‌ల నీరు వస్తుంది. ఈ 2, 1, 2 అనేవి మోల్‌ల లెక్క, గ్రాములది కాదు. 2 గ్రాముల హైడ్రోజన్‌కు 1 గ్రాము ఆక్సిజన్ చాలదు, 16 గ్రాములు కావాలి.

మోలార్ ద్రవ్యరాశి (గ్రాముల్లో): హైడ్రోజన్ 2, ఆక్సిజన్ 32, నీరు 18.

ప్రశ్న: 8 గ్రాముల హైడ్రోజన్ పూర్తిగా మండితే ఎంత నీరు వస్తుంది?

1. ముందు సమీకరణాన్ని తుల్యం చేయండి.
2. గ్రాములను మోల్‌లుగా మార్చండి: 8 ÷ 2 = 4.
3. నిష్పత్తి చూడండి: 4 మోల్‌ల హైడ్రోజన్‌కు 4 మోల్‌ల నీరు.
4. తిరిగి గ్రాముల్లోకి మార్చండి: 4 × 18 = 72 గ్రాములు.

సరిచూసుకోండి: పట్టిన ఆక్సిజన్ 2 మోల్‌లు, అంటే 64 గ్రాములు. 8 + 64 = 72. సరిపోయింది.

రేపు పై తరగతుల్లో ఇంగ్లీషులో చదివినా ఈ మెట్లు మారవు. జవాబు తప్పైనా పర్లేదు, వచ్చినంతవరకు మెట్లు రాసి తీసుకురండి. ఎక్కడ ఆగారో కనబడితేనే మేం సరిచేయగలం. ఖాళీ పేజీని దిద్దలేం కదా!