గనులు మూతబడినా దారులు మిగిలినవి



ప్రత్యేక సంచికకు ఏదైనా చరిత్ర వ్యాసం వ్రాయవలసిందిగా సంపాదకవర్గం వారు నన్ను కోరారు. రాజుల చరిత్ర, కోటల చరిత్ర వ్రాయగలవారు మన సంఘంలో చాలామంది ఉన్నారు. నేను ఒక దారి చరిత్ర వ్రాస్తున్నాను. ఇంగ్లండు దేశపు నైరుతి కొసన సముద్రంలోకి చొచ్చుకొని ఉన్న కార్న్‌వాల్ అనే ప్రాంతంలోనిది ఆ దారి. ఒకప్పుడు గుర్రాలు ఖనిజం బండ్లు లాగిన దారి, నేడు కంకర పరచిన సైకిలు బాట. దీనికీ మన చిత్తూరు జిల్లా పల్లెలకూ ఒక సంబంధమున్నది. దానిని యథాస్థానంలో మనవి చేస్తాను.

కార్న్‌వాల్ నేలలో తగరం, రాగి పుష్కలంగా ఉండేవి. లేనిదల్లా బొగ్గు. గనులలో ఊరే నీటిని తోడే ఆవిరి యంత్రాలకు బొగ్గు కావాలి. రాగి ఖనిజాన్ని కరిగించడానికైతే ఖనిజం బరువును మించిన బొగ్గు కావాలి. అందుచేత ఖనిజాన్నే ఓడలకెత్తి, బొగ్గున్న వేల్స్ ప్రాంతపు స్వాన్సీ రేవుకు పంపేవారు. ఆ ఓడలే తిరుగు ప్రయాణంలో బొగ్గు తెచ్చేవి. గని నుంచి రేవుకు ఖనిజం, రేవు నుంచి గనికి బొగ్గు. ఈ మోత అంతా మొదట కంచరగాడిదల వీపుల మీదనే జరిగేది. వానాకాలంలో ఆ దారులు బురదగుంటలయ్యేవి.

ఈ బాధ తీరడానికి 1809లో ఉత్తర తీరాన గల పోర్ట్‌రీత్ రేవు నుంచి లోపలి గనులవైపు ఇనుప పట్టాల దారి వేయసాగారు. దానిమీద బండ్లను గుర్రాలు లాగేవి. 1826లో రెండవ దారి వచ్చింది. ఇది రెడ్రూత్ పట్టణం వైపు గనుల నుంచి దక్షిణాన డెవోరాన్ రేవుకు దిగుతుంది. దీనిని తలపెట్టినవాడు జాన్ టేలర్ అనే గనుల నిపుణుడు. పాఠకులు ఈ పేరు దయచేసి గుర్తుంచుకోవాలి. ఈ లైనుకు 'రెడ్రూత్ – ఛేస్‌వాటర్ రైల్వే' అని పేరు పెట్టారు గాని ఛేస్‌వాటర్ అనే ఊరికి లైను ఎన్నడూ చేరలేదు! శంకుస్థాపన ఫలకం మాత్రమే మిగిలిన పథకాలు మన సర్వీసులో మనమూ కొన్ని చూశాం గదా.

1854లో ఈ లైను మీద గుర్రాల స్థానంలో ఆవిరి ఇంజన్లు వచ్చాయి. కాని పట్టుమని పుష్కరం తిరిగిందో లేదో, 1866 ప్రాంతంలో రాగి ధర పడిపోయింది. గనులు ఒకదాని వెంట ఒకటి మూతబడ్డాయి. వేలాది గని కార్మికులు పొట్ట చేతబట్టుకొని అమెరికాకు, ఆస్ట్రేలియాకు, దక్షిణాఫ్రికాకు తరలిపోయారు. గనుల వ్యర్థం కొట్టుకువచ్చి డెవోరాన్ రేవు కూడా పూడిపోయింది. 1915లో రైలును మూసివేసి పట్టాలు పీకివేశారు. ఆ ప్రాంతంలో చివరి తగరపు గని అయిన సౌత్ క్రాఫ్టీ 1998లో మూతబడింది.

పట్టాలు పోయినా కట్ట మిగిలింది. ఆ కట్ట మీదనే స్థానిక కౌన్సిళ్ళు లాటరీ నిధి, యూరోపియన్ యూనియన్ నిధుల సాయంతో కంకర, మొరం పరచి నడకకు, సైకిళ్ళకు, గుర్రపు స్వారీకి బాటలు వేయించాయి. పోర్ట్‌రీత్ నుంచి డెవోరాన్ వరకు, అనగా ఈ సముద్రం నుంచి ఆ సముద్రానికి, బాట పొడవు 11 మైళ్ళు. కార్న్ బ్రీ అనే కొండను చుట్టివచ్చే మరొక బాట సుమారు 12 కిలోమీటర్లు. ఇలాంటివన్నీ కలిపితే 60 కిలోమీటర్ల వరకు ఉంటాయి. 2006లో యునెస్కో వారు ఈ గనుల ప్రాంతాన్ని ప్రపంచ వారసత్వ సంపదలో చేర్చారు.

సైకిలుకు ఈ దారులు ఇంతగా ఎందుకు నప్పాయి? ఉద్యోగరీత్యా ఆ దేశంలో ఉన్న మా మనుమడు వెడల్పు టైర్ల కంకరదారి సైకిలు మీద అక్కడ తిరిగివచ్చి, "తాతయ్యా, అంతా కొండ ప్రాంతమే గాని ఎక్కడా రొప్పు రాలేదు" అన్నాడు. రహస్యం గుర్రంలో ఉన్నది. బరువు బండిని గుర్రం లాగాలంటే వాలు మెల్లగా ఉండాలి. అందుకని ఆనాటి సర్వేయర్లు కొండను ఎక్కక, పక్కనుంచి చుట్టి దారి తీశారు. రెండువందల ఏళ్ళ క్రిందట గుర్రం మోకాళ్ళ కోసం కొలిచిన వాలు, ఈనాడు మనిషి మోకాళ్ళకు పనికివస్తున్నది. మన వయసువారికి దీని విలువ వేరే చెప్పనక్కరలేదు.

అయితే ఆ బాట పొడుగునా అందమే ఉన్నదనుకోకూడదు. ఎత్తైన పొగగొట్టాలతో మొండిగోడల ఇంజను గదులు కనబడతాయి. పోల్‌డైస్ లోయలో రాగి, పాషాణం కలిసిన దిబ్బల మీద నేటికీ గడ్డి సరిగా మొలవదు. బిస్సో అనే చోట ఆ పాషాణాన్ని శుద్ధిచేసే కార్ఖానా ఉండేది. 1991లో వీల్ జేన్ అనే గని మూతబడి నీటి పంపులు ఆగిపోగా, 1992 జనవరిలో లోపల నిండిన విషపు నీరు పొంగి కార్నన్ నదిలో పడి, సముద్రపు పాయ దాకా నారింజ రంగుకు తిరిగింది. ఆ గని నీటిని నేటికీ తోడి శుద్ధి చేయవలసివస్తున్నది. గని మూతబడినంత మాత్రాన దాని లెక్క మూతబడదు.

ఇక మన సంబంధం సంగతి. జాన్ టేలర్ 1863లో కాలం చేశాడు గాని ఆయన పేరుతో నడిచిన 'జాన్ టేలర్ అండ్ సన్స్' సంస్థ 1880లో కోలారు బంగారు గనులకు వచ్చింది. వెంట కార్న్‌వాల్ గని పనివారు వచ్చారు. రాయి పగలగొట్టే పనికి మన చిత్తూరు జిల్లా తెలుగువారు, ఆర్కాటు తమిళులు, స్థానిక కన్నడిగులు వచ్చారు. 1894లో మారికుప్పం వరకు రైలు పడింది. 1902లో కావేరి మీది శివసముద్రం నుంచి సుమారు 147 కిలోమీటర్లు తీగలు లాగి గనులకు విద్యుత్తు ఇచ్చారు. బెంగుళూరు కంటే ముందు కోలారు గనులలో దీపం వెలిగింది. భూమిలోకి 3 కిలోమీటర్లకు పైగా దిగిన ఆ గనుల నుంచి 800 టన్నులకు మించి బంగారం వచ్చింది. 2001 ఫిబ్రవరి 28న అవి మూతబడ్డాయి. కుప్పం దగ్గరి చిగురుకుంట గని కూడా అదే ఏడాది ఆగిపోయింది.

కోలారులో నేడు మిగిలినవి తుప్పుపట్టిన గని బావుల చట్రాలు, పాడుబడిన బంగళాలు, కార్మికుల ఇరుకు లైన్లు, గాలి వీస్తే దుమ్ము లేచే సైనైడు దిబ్బలు. ఆ దిబ్బలలో పదమూడింటిని తిరిగి తవ్వడానికి 2024 జూన్‌లో కర్ణాటక మంత్రివర్గం సమ్మతించింది. పని దొరికితే మంచిదే. అక్కడివారికి ముందు కావలసింది సైకిలు బాట కాదు, జీవనోపాధి అని నేనూ ఒప్పుకుంటాను. కాని మైసూరు, ఛాంపియన్ రీఫ్, ఊరుగాం, నందిదుర్గం గనులను కలిపిన దారులు ఏవి, ఏ బావి దగ్గర ఎవరు పనిచేశారు అన్నది వ్రాసి ఉంచకుండా నేల తిరగవేస్తే, తరువాత ఎంత సొమ్ము పోసినా ఆ చరిత్ర రాదు.

నేను రెవెన్యూ శాఖలో ముప్పై మూడేళ్ళు భూమి ఫైళ్ళు చూచినవాణ్ణి. నా అనుభవంలో దారి అనేది ముందు నేల మీద చెరగదు, కాగితంలో చెరుగుతుంది. పటంలో గీత ఉన్నంతకాలం దారికి ప్రాణమున్నట్లే. కార్న్‌వాల్ వారి పాత దారులకు పటాలలో గీతలున్నాయి, గనులకు పేర్లున్నాయి. అందుకే వాటికి రెండవ ఉద్యోగం దొరికింది.

కావున నా విన్నపం ఒక్కటే. మన సంఘ సభ్యులలో, వారి బంధువులలో కోలారు గనులలో పనిచేసినవారి సంతతి ఉంటే, ఇంట్లో మిగిలిన వేతన పుస్తకాలు, గుర్తింపు బిళ్ళలు, ఫోటోలు పారవేయకండి. పెద్దలకు గుర్తున్న బావుల పేర్లు, నడిచిన దారులు ఒక నోటు పుస్తకంలో వ్రాయించండి. పని రేపటికి వాయిదా వేయకండి. చెప్పగలిగినవారంతా ఇప్పుడు ఎనభై దగ్గర ఉన్నారు.