బందరు వస్త్రాలకై పోటీపడి ఒక్కటైన కంపెనీలు

మచిలీపట్నం: బందరు వస్త్రాల కోసం ఆంగ్లేయులు తమలో తామే పోటీపడిన కాలం ఒకటుంది. ఈస్టిండియా కంపెనీ 1611లో ఇక్కడ వర్తక స్థావరం నెలకొల్పి నూలు వస్త్రాలు, అద్దకపు బట్టలు కొనుగోలు చేసింది. 1698లో లండనులో దానికి ప్రత్యర్థిగా మరో కంపెనీ ఏర్పడింది. కొత్త కంపెనీ తరఫున జాన్ పిట్ 1699లో బందరు చేరాడు. చెన్నపట్నంలో పాత కంపెనీ గవర్నరు థామస్ పిట్ అతనికి బంధువే అయినా, అతని అధికారాన్ని అంగీకరించలేదు. చివరకు 1702లో రాజీ కుదిరి, 1709 నాటికి రెండు సంస్థలూ విలీనమయ్యాయి. ఈ సంయుక్త కంపెనీ సేనలే 1759లో ఫ్రెంచివారి నుంచి బందరు కోటను స్వాధీనం చేసుకున్నాయి. కొనుగోలుదారే పాలకుడు కావడంతో నేతగాళ్లకు బేరమాడే బలం సన్నగిల్లింది. నాటి అద్దకపు కళ నేటికీ పొరుగున ఉన్న పెడనలో సజీవంగా ఉంది.