మాధవి శుల్కము - వేలము పాట

వేలములో పాట దక్కించుకొన్నవాడే పిమ్మట నష్టపోవుట మన మెఱిగినదే. కేపెన్, క్లాప్, కాంప్‌బెల్ అను అమెరికా చమురు ఇంజనీర్లు 1971లో దీనికి కారణము చూపిరి. సముద్రగర్భమున చమురెంత గలదో ఎవరికిని నిశ్చయముగా తెలియదు. అందఱును అంచనా వేయుదురు. అందఱికన్న హెచ్చుగా వేసినవానికే పాట దక్కును. అనగా హెచ్చువైపు మిక్కిలి పొరబడినవాడే విజేత!

మహాభారతము ఉద్యోగపర్వమున నున్న కన్యాశుల్కపు కథలో ధర వేఱొక దారిని పెరిగినది. గురుదక్షిణ వలదన్నను గాలవుడు పదే పదే నిర్బంధింపగా విశ్వామిత్రుడు విసిగి, ఒక చెవి నల్లనైన తెల్లగుఱ్ఱములు 800 కోరెను. ఎదుట పోటీదారు లేడు. తన పాటను తానే పెంచుకొనిన వాడు గాలవుడు. నారదు డీ కథను దుర్యోధనునికి చెప్పుట ఊరక కాదు.

గుఱ్ఱములు లేని యయాతి తన కూతురు మాధవి నిచ్చెను. అయోధ్యలో హర్యశ్వుడు, కాశిలో దివోదాసుడు, భోజనగరమున ఉశీనరుడు 200 చొప్పున శుల్క మిచ్చి యొక్కొక్క కుమారుని బడసిరి. వారు పోటీపడి పాడినవారు కారు. ఒక్కొక్కరి యొద్ద నున్నవే అన్ని. పూర్వము ఋచీకుడు సత్యవతికై గాధి కిచ్చిన వేయింటిలో 400 వితస్తానదిలో పోయినవి. ఆ గాధి విశ్వామిత్రుని తండ్రియే! లోటుపడిన 200కు మాఱుగా గురువే మాధవిని స్వీకరించెను.

ప్రసవించిన పిదప మరల కన్య యగు వరము తనకు గలదని చెప్పి, గాలవునికి దారి చూపినది మాధవియే. తుదకు తండ్రి స్వయంవరము చాటగా, వచ్చిన వారినందఱిని దాటిపోయి ఆమె అడవిని వరించెను.