అంగుళాల్లో అడుగేసే సైనికులు

బ్రిటన్‌లో బొమ్మ సైనికుడి ఎత్తు మిల్లీమీటర్లలో చెబుతారు, నడక మాత్రం అంగుళాల్లో కొలుస్తారు. బొమ్మ 28 మిల్లీమీటర్లు, కాళ్ల కింద గుండ్రటి పీట 25 మిల్లీమీటర్లు, ఒక వంతులో నడవగలిగే దూరం 6 అంగుళాలు, ఆట జరిగే బల్ల 4 అడుగుల చదరం. ఒకే బల్ల మీద రెండు కొలతలు కాపురం చేస్తుంటే ఆడేవాళ్లెవరికీ వింతగా తోచదు. మెట్రిక్ కొలతలకు మారతామని ఇక్కడి ప్రభుత్వం 1965లోనే ప్రకటించింది. ఇప్పటికీ రోడ్ల మీద దూరాలు మైళ్లలోనే ఉన్నాయి, పబ్బులో బీరు పైంటుల్లోనే పోస్తారు. పొలం సెంట్లలో, బంగారం కాసుల్లో చెప్పుకునే మనం దీన్ని తప్పుపట్టలేం. అయితే ఈ చిన్న వింత వెనక ఒక పెద్ద అలవాటు కనిపిస్తుంది. పాతదాన్ని అటకెక్కించకుండా, రోజూ చేత్తో ముట్టుకునే వస్తువుగా ఉంచుకోవడం ఆ అలవాటు. ఈ దేశం తన చరిత్రతో ఎలా మెలుగుతుందో తెలుసుకోవాలంటే రాజప్రాసాదాల కంటే ఈ బొమ్మల బల్లే ఎక్కువ చెబుతుందని నా నమ్మకం.

ఈ ఆటను స్కర్మిష్ గేమ్ అంటారు. రెండు సేనలు బారులు తీరి ఢీకొనే మహాయుద్ధం కాదిది. వాటి ముందు నడిచే చిన్న జట్లు ఓ పాడుబడ్డ పల్లె దగ్గరో, వంతెన దగ్గరో ఎదురుపడితే జరిగే కొట్లాట. ఒక్కో వైపు పది పన్నెండు బొమ్మలు, రెండు మూడు పాచికలు, ఒక కొలత టేపు. చాలా పట్టణాల్లో దీనికి క్లబ్బులున్నాయి. చర్చి హాల్లోనో, కమ్యూనిటీ హాల్లోనో వారానికో సాయంత్రం మడత బల్లలు పరిచి, పచ్చిక రంగు గుడ్డ కప్పి, గోడలూ చెట్లూ అమర్చి ఆడతారు. క్లబ్బుకు కార్యదర్శి, కోశాధికారి, చందా, టీ కాచుకునే కెటిలు అన్నీ ఉంటాయి. ఆటలో అన్నిటికంటే గమనించదగ్గది ఒక భంగిమ. గోడ చాటునున్న విలుకాడికి అవతలి మనిషి కనిపిస్తున్నాడా లేదా అన్న సందేహం వస్తే, ఆటగాడు మోకాళ్ల మీద కూర్చుని, కన్ను బల్ల అంచు దాకా దించి, తన బొమ్మ భుజం వెనక నుంచి చూస్తాడు. పైనుంచి చూస్తే మైదానమంతా తెరిచిన అరచెయ్యిలా ఉంటుంది. కన్ను దించగానే ముందున్న గోడ కొండంత అవుతుంది, శత్రువులో సగం మాయమవుతాడు. నేను చెప్పదలచుకున్నదంతా ఈ భంగిమలోనే ఉంది: కన్ను దించి, ఫలితాన్ని పాచికకు వదిలి చరిత్రను చూడటం, ఎత్తున కూర్చుని చూడటం కంటే నిజాయితీ గల పని.

బలాలు సమానంగా లేని ఆట మనకు కొత్త కాదు. గుడి మండపాల రాతి మీద గీసిన పులిజూదంలో పులులు మూడే, మేకలు పదిహేను. పులికి దూకే బలం, మేకకు సంఖ్యాబలం. ఇక్కడి బల్ల మీదా అంతే. కవచం తొడిగిన గుర్రపు రౌతుకు ఎక్కువ వెల, కర్ర పట్టిన పాలేరుకు తక్కువ వెల కట్టి, రెండు వైపులా మొత్తం సరిపోయేట్టు చూస్తారు. ఈ ఆటల వంశవృక్షం వేళ్లు కూడా మన నేలలోనే ఉన్నాయి. ఏనుగు, రథం, గుర్రం, కాలిబలం అనే నాలుగంగాల చతురంగం పర్షియా మీదుగా, అరబ్బుల చేతుల మీదుగా యూరప్ చేరి చదరంగమైంది. 1780లో జర్మన్ గడ్డ మీద హెల్విగ్ అనే గణితం పంతులు ఆ గళ్లకు నదులూ కొండలూ జోడించాడు. ప్రష్యాలో రైస్‌విట్జ్ తండ్రీకొడుకులు ఇంకా ముందుకెళ్లారు. తండ్రి 1812లో తన ఆటబల్లను రాజుకు సమర్పిస్తే, కొడుకు 1824లో పటం పరిచి, పాచికలూ మధ్యవర్తీ ఉన్న ఆటగా దాన్ని సైన్యానికి అందించాడు. 1871లో ఫ్రాన్సు మీద ప్రష్యా గెలిచాక బ్రిటిష్ సైన్యమూ అది నేర్చుకుంది. చదరంగంలో బలమైనవాడిదే గెలుపు. పాచిక చేరగానే, బలమైనవాడు కూడా బురదలో జారిపడొచ్చన్న ఒప్పుకోలు ఆటలోకి వచ్చింది.

అయితే బొమ్మలతో చరిత్ర చెప్పడానికి బ్రిటన్‌కు ఇంకో దారి కూడా ఉంది. అది మన బొమ్మల కొలువు దారి. లండన్‌లో చెల్సీలోని నేషనల్ ఆర్మీ మ్యూజియంలో వాటర్లూ యుద్ధపు నమూనా ఉంది. దాని మీద సుమారు 75,000 లోహపు బొమ్మలు నిలబడి ఉంటాయి. విలియం సైబోర్న్ అనే సైనికాధికారి 1830లో ఆ యుద్ధభూమిలోని ఒక రైతింట నెలల తరబడి మకాం వేసి నేలంతా కొలిచాడు. యుద్ధంలో ఉన్న అధికారులకు ఉత్తరాలు రాసి, సాయంత్రం ఏడు గంటల వేళ మీ పటాలం ఎక్కడుంది, మీ ఎదుట ఎవరున్నారు, పొలాల్లో ఏ పైరుంది అని అడిగాడు. మధ్యలో ప్రభుత్వం డబ్బు ఆపేస్తే సొంత ఖర్చుతో పూర్తిచేసి 1838లో లండన్‌లో ప్రదర్శనకు పెట్టాడు. అసలు చిక్కు మిత్రపక్షమైన ప్రష్యన్ల దగ్గర వచ్చింది. ఏడు గంటలకు వాళ్లు ఎంత ముందుకొచ్చి ఉన్నారన్నదాన్ని బట్టి గెలుపులో వాళ్ల వాటా తేలుతుంది. బ్రిటిష్ సేనాని వెల్లింగ్టన్ డ్యూక్‌కు ఆ అమరిక నచ్చలేదు. చివరికి ప్రష్యన్ బొమ్మలు కొన్ని తొలగాల్సి వచ్చింది. కొలువులో ఏ దేవుడు ఏ మెట్టు మీద ఉండాలన్నది ఇంటి పెద్దలు తేల్చినట్టే, గడ్డకట్టిన యుద్ధంలో ఎవరెక్కడ నిలబడాలన్నది పెద్దవాళ్లే తేలుస్తారు. మెట్లు కట్టగానే పై మెట్టు ఎవరిదన్న ప్రశ్న పుడుతుంది. సంక్రాంతికి కొలువు పెట్టే ఇళ్లలో అది ముద్దు ముచ్చటగా తీరిపోతుంది. పసుపు రాసిన మెట్లు, పేరంటానికొచ్చినవాళ్ల చేతుల్లో శనగలు, కింది మెట్టున పిల్లలు పెట్టుకున్న ప్లాస్టిక్ లారీ, అవన్నీ తలచుకుంటే, నాలుగింటికే చీకటి పడే ఇక్కడి జనవరి మరింత బరువెక్కుతుంది. కానీ ఒక దేశం తన యుద్ధానికి మెట్లు కట్టినప్పుడు కింది మెట్టున పడ్డవాడికి న్యాయం జరగదు. సైబోర్న్ నమూనా అద్భుతమైన పనితనం, నిజమే. కాకపోతే దాని మీద గడియారం ఎప్పటికీ ఏడు దాటదు. ఇంకో విధంగా జరిగి ఉండేదా అని దాన్ని అడగలేం.

అడగొచ్చని చూపించినవాడు రచయిత హెచ్.జి.వెల్స్. 1893 నుంచి లండన్‌లో విలియం బ్రిటన్ సంస్థ సీసపు సైనికులను లోపల బోలుగా పోత పోసి చవగ్గా అమ్మసాగింది. వాటితో, కర్రముక్కలు పేల్చే బుల్లి ఫిరంగులతో ఇంటి నేల మీద ఆడే ఆటకు నియమాలు కూర్చి, వెల్స్ 1913లో లిటిల్ వార్స్ అనే పుస్తకం వేశాడు. ఈ ఆట మూడు నాలుగుసార్లు ఆడినవాడికి అసలు యుద్ధం ఎంత తెలివితక్కువ వ్యవహారమో అర్థమవుతుందన్నది ఆయన వాదన. మరుసటి ఏడే మహాయుద్ధం వచ్చింది. అదే వెల్స్, ఇది యుద్ధాలన్నిటినీ అంతం చేసే యుద్ధమంటూ దానికి మద్దతుగా పుస్తకం రాశాడు. కాబట్టి ఆట మనిషిని శాంతికాముకుణ్ణి చేస్తుందని నేను అనను. దానికి అంత శక్తి లేదు. అది నేర్పేది వేరు: ఎదుటివాడి చోట నిలబడితే ఏం కనిపిస్తుంది, ఏం కనిపించదు అని.

అది ఎంత విలువైన పాఠమో లివర్‌పూల్‌లో రుజువైంది. 1942లో, అట్లాంటిక్ మీద ఆహారం తెచ్చే ఓడలను జర్మన్ జలాంతర్గాములు వరసగా ముంచుతున్న రోజుల్లో, డర్బీ హౌస్ అనే భవనంలో గిల్బర్ట్ రాబర్ట్స్ అనే నౌకాధికారి ఒక గది నేలనే సముద్రం చేశాడు. క్షయ వల్ల నౌకాదళం నుంచి తప్పించిన మనిషి ఆయన. నౌకాదళ మహిళా విభాగంలోని అమ్మాయిలు, చాలామంది అప్పుడే చదువు ముగించినవాళ్లు, సుద్దతో ఓడల దారులు గీసి ఆటను నడిపేవారు. శిక్షణకొచ్చిన అధికారులను తెరల వెనక నిలబెట్టి చిన్న సందుల్లోంచి మాత్రమే చూడనిచ్చేవారు. శత్రువు దారి ఆకుపచ్చ సుద్దతో గీస్తే ఆ కోణంలోంచి కనిపించేది కాదు. ఇలా ఆడుతూ ఆడుతూ తేలిందేమిటంటే, జలాంతర్గామి రాత్రిపూట నీటి పైనే తేలుతూ, వెనక నుంచి ఓడల బారుల మధ్యలోకే చొరబడి కొడుతోందని. దానికి విరుగుడుగా కూర్చిన ఎత్తుగడకు రాస్ప్‌బెర్రీ అని పేరు పెట్టారు. ఒకప్పుడు జలాంతర్గామి నడిపిన అడ్మిరల్ మాక్స్ హోర్టన్ ఈ నేల మీద శత్రువు పాత్ర ఆడి, జానెట్ ఓకెల్ అనే అమ్మాయి చేతిలో పలుమార్లు మునిగాడు. సుమారు 5,000 మంది అధికారులు అక్కడ పాఠం నేర్చారు. ఇది పిల్లల ఆటేగా అనేవారికి ఇంతకంటే జవాబు అక్కర్లేదు. మోకాళ్ల మీద కూర్చుని బొమ్మ భుజం వెనక నుంచి చూసే క్లబ్బు ఆటగాడు తెలిసో తెలియకో ఆ తెర సందునే వాడుతున్నాడు.

తరవాతి కథ త్వరగా చెప్పొచ్చు. యుద్ధంలో ట్యాంకు దళంలో పనిచేసి వచ్చి సౌతాంప్టన్‌లో ఫిజియోథెరపిస్టుగా స్థిరపడ్డ డొనాల్డ్ ఫెదర్‌స్టోన్ 1962లో వార్ గేమ్స్ అనే పుస్తకం రాసి ఆటను సామాన్యుల చేతికిచ్చాడు. ఎయిర్‌ఫిక్స్ పెట్టెల్లో ప్లాస్టిక్ సైనికులు పిల్లల జేబు డబ్బులకే దొరికారు. 1972 నుంచి లండన్‌లో ఒక క్లబ్బు సెల్యూట్ పేరుతో పెద్ద ప్రదర్శన జరుపుతోంది. 1975లో మొదలైన గేమ్స్ వర్క్‌షాప్ నాటింగ్‌హామ్ కేంద్రంగా ఊహాలోకపు సైన్యాలను అమ్మి, 2024 చివరికి లండన్ స్టాక్ మార్కెట్‌లోని వంద అతిపెద్ద సంస్థల జాబితాకెక్కింది. బొగ్గు, నూలు, ఉక్కు సన్నగిల్లిన దేశంలో బొమ్మ సైనికులు ఎగుమతి సరుకయ్యారు. ఇదంతా వ్యాపారమైపోయింది, ఇందులో చరిత్రేముంది అనేవాళ్లున్నారు. బొమ్మల ధర ఎక్కువేనన్నది కాదనలేని మాట. కానీ కొన్న బొమ్మ బూడిదరంగు ముద్ద మాత్రమే. దానికి ప్రాణం పోసేది ఇంటి దగ్గర రాత్రిళ్లు కూర్చునే చెయ్యి. ముందు అడుగు రంగు, దాని మీద పల్చటి ముదురు నీళ్లరంగు పోస్తే అది కోటు మడతల్లోకి జారి నీడవుతుంది. ఆరాక, దాదాపు ఎండిపోయిన కుంచెతో అంచుల మీద తేలిగ్గా రాస్తే వెలుగు తేలుతుంది. కంటిపాప పెట్టడానికి ఊపిరి బిగబట్టాలి. ఆ కోటు ఏ పటాలానిది, కాలరు ఏ రంగు అన్న ప్రశ్న దగ్గర ఆటగాడు పుస్తకం తెరుస్తాడు. చరిత్ర అక్కడ మొదలవుతుంది.

ఇక గట్టి అభ్యంతరం ఒకటుంది. ఈ బల్లల మీదికి వలస యుద్ధాలూ వస్తాయి: 1857 వస్తుంది, 1879 జూలూ యుద్ధం వస్తుంది, మైసూరు యుద్ధాలు వస్తాయి. గెలిచినవాడు తన పాత గెలుపులను ఆటగా ఆడుకుంటుంటే, ఓడినవాళ్ల మనవలం మనం ఎలా చూడాలి? నాకు ఇది ఇబ్బందిగానే ఉంటుంది, దాచను. అయినా పాచిక ఇక్కడ మన పక్షానే పనిచేస్తుందని నా వాదన. విగ్రహం కింది శిలాఫలకం, గెలుపు జరిగి తీరాల్సిందేనని చెబుతుంది. బల్ల అలా చెప్పలేదు. అక్కడ మైసూరు రాకెట్టు కూడా గురి చూసుకుంటుంది, జూలూ యోధుడికీ వంతు వస్తుంది. ఎవరో ఒకరు ఆ వైపు కూర్చుని, అటునుంచి కన్ను దించి చూడక తప్పదు. పైగా ఎర్రకోటు వేసుకున్నవాళ్లందరూ తెల్లవాళ్లు కారని ఆ బొమ్మలే చెబుతాయి. ఉత్తరాదిన కుంపిణీ సిపాయికి 'తిలంగా' అనే పేరే ఉండేది, తొలి సిపాయిల్లో మన తెలుగు నేల నుంచి వెళ్లినవాళ్లు ఉన్నందువల్ల. తలపాగా, ఎర్రకోటు, పొట్టి లాగు వేసిన మద్రాసు సిపాయి బొమ్మకు రంగు వేసే బ్రిటిష్ ఆటగాడు, ఆ పేరు తెలియకుండానే, బహుశా ఒక తెలుగువాడి మొహానికి గోధుమరంగు కలుపుతున్నాడు. 1758లో గొల్లప్రోలు దగ్గరి చందుర్తి పొలాల్లో కుంపిణీ కర్నల్ ఫోర్డ్ ఫ్రెంచివాళ్లను ఓడించినప్పుడు రెండు వైపులా సిపాయిలున్నారు, విజయనగరం రాజు బలగమూ ఉంది. ఉత్తర సర్కార్లు ఎవరి పాలవుతాయో తేల్చడంలో ఆ రోజు పాత్ర పెద్దది. మన పాఠ్యపుస్తకంలో అది రెండు వాక్యాలు.

మనం మన యుద్ధాలను వేరే విధంగా దాచుకున్నాం. కారంపూడిలో ఏటా పల్నాటి వీరుల ఆయుధాలకు పూజ జరుగుతుంది. బొబ్బిలి కథ బుర్రకథలో వినని పల్లె ఒకప్పుడు లేదు. ఆ పాటల్లో బాలచంద్రుడు చనిపోవాల్సిందే, కోట కూలాల్సిందే. వినేవాళ్లు అందుకే ఏడుస్తారు, ఆ ఏడుపు విలువ నాకు తెలుసు. కానీ ఎన్నిసార్లు విన్నా, ఆ రోజు ఎవరేం చేసి ఉంటే కోట నిలిచేది అన్న ప్రశ్న పాటలోకి రాదు. 1757 జనవరి 24న ఫ్రెంచి సేనాని బుస్సీ ఫిరంగులు బొబ్బిలి ముందు నిలిచిన సంగతిని ఈ బల్ల మీదికి తెస్తే ఆ ప్రశ్న వచ్చి తీరుతుంది. బయట ఫిరంగులు, లోపల కత్తులు, మధ్యలో మట్టిగోడ: పులిజూదమంత అసమానమైన ఆట అది. నియమాలు రాయడం కష్టమేమీ కాదు.

కష్టమైంది గోడ వెనక ఉంది. ఆ రోజు కోటలో స్త్రీలు, పిల్లలు శత్రువు చేతికి చిక్కకూడదని సొంత మనుషుల చేతుల్లోనే చనిపోయారు. స్కర్మిష్ ఆటల్లో సామాన్య జనం బొమ్మలు లేకపోలేదు. కానీ చాలాసార్లు వాళ్లు దారికడ్డమో, కాపాడితే మార్కులొచ్చే వస్తువో అవుతారు. వాళ్ల వంతు అంటూ ఒకటి రాదు. ఈ ఆటను ఇంతగా మెచ్చుకునే నాకు, ఆ ఖాళీ దగ్గర జవాబు లేదు. అక్కడ కన్ను దించితే భుజం వెనక నుంచి చూడటానికి బొమ్మే ఉండదు. అలాంటి బొమ్మలు చెక్కే చేతులు మన దగ్గరున్నాయి. రోకలి పట్టిన ఆడవాళ్లనూ, బావి దగ్గర నీళ్లు చేదేవాళ్లనూ, బిడ్డను చంకనెత్తుకున్న తల్లులనూ కొండపల్లిలో పొణికి చెక్కతో తరతరాలుగా చెక్కుతున్నారు. వాటిని తెచ్చి ఈ బల్ల మీద నిలబెడితే, 28 మిల్లీమీటర్ల సైనికులు వాళ్ల మోకాళ్ల దాకానే వస్తారు.