గ్రామమునుండి మేళమునకు: సంగీత పరిభాష నడచిన బాట

గ్రామ మనిన నేమో మన మెరుగుదుము. నాలుగు వీథులు, ఒక చెరువు, రచ్చబండ, దేవళము, పదిమంది కలసి బ్రదుకుట, ఇదియే గ్రామము. సంగీతశాస్త్రమునందును ‘గ్రామము’ అను మాట కలదని విన్నచో మనలో కొందరికి వింతగా తోచవచ్చును. మతంగుడు బృహద్దేశి యను గ్రంథమునందు ఈ మాటకు చెప్పిన వివరణము ముచ్చటైనది. కుటుంబములన్నియు నొక్కచోట కూడి వసించు తావు గ్రామమైనట్లే, స్వరములు ఒక వ్యవస్థకు లోబడి కూడియుండుటయు గ్రామమే యని యాతని యభిప్రాయము. గ్రామ గ్రంథాలయ రజతోత్సవ సంచికలో సంగీత విద్యార్థులకు ముఖ్యములైన కొన్ని పదముల చరిత్రను చెప్పుటకు ఇంతకంటె తగిన వాకిలి నాకు దొరకలేదు.

మన పిల్లలు సంగీతపాఠము ప్రారంభింపగానే నాదము, శ్రుతి, స్వరము, గ్రామము, మూర్ఛన, జాతి, రాగము, మేళము, తాళము అని లక్షణములు వల్లించుదురు. అవి యన్నియు నొక్కనాడే యొక్క ఋషి నోట వెలువడినవని వారి భావన. నిజమున కందులో ఒక్కొక్క మాటకు ఒక్కొక్క వయస్సు కలదు. కొన్ని పుట్టి పెరిగి గతించినవి. కొన్ని ఇల్లు మారినవి. కొన్ని ముందుగా పుట్టి తమ కాలము వచ్చువరకు వేచియున్నవి. ఈ సంగతి తెలిసిన విద్యార్థికి లక్షణములు బరువు కావు, చుట్టములగును.

మొదట శ్రుతి. భరతుని నాట్యశాస్త్రము స్థాయి యొకదానిలో 22 శ్రుతులను చెప్పినది. షడ్జమునకు 4, ఋషభమునకు 3, గాంధారమునకు 2, మధ్యమ పంచమములకు నాలుగేసి, ధైవతమునకు 3, నిషాదమునకు 2. ఈ పంపకము షడ్జగ్రామము. పంచమమును ఒక్క శ్రుతి తగ్గించి ధైవతమునకు చేర్చినచో మధ్యమగ్రామము. ఇంతియే వీనికి భేదము. నేడు మనము ‘శ్రుతి కలిసినది’ అనునపుడు తంబురా నాదమునే యుద్దేశించుచున్నాము. మాట యొక్కటే, అర్థములు రెండు. పరీక్షలో తడబడు విద్యార్థిని ముందుగా హెచ్చరింపవలసిన తావిది.

గ్రామమునందలి యేడు స్వరములలో ఒక్కొక్కదానిని మొదలుగా గైకొని క్రమముగా పలికించుట మూర్ఛన. రెండు గ్రామములకు కలిపి 14 మూర్ఛనలు. ఇది ఏల యవసరమైనదో తెలియవలెనన్న నాటి వీణను చూడవలెను. అమరావతి, నాగార్జునకొండ శిల్పములలో వంగిన విల్లువంటి కొమ్మునకు తంత్రులు కట్టిన వీణలు నేటికిని కనబడును. అందు మెట్లు లేవు, స్వరమున కొక తంత్రి. ఏ తంత్రితో ఆరంభించిన నా తంత్రి మొదలుగా నొక క్రొత్త క్రమము పుట్టును. చేతిలోని వాద్యమే మూర్ఛనను నేర్పినది.

‘జాతి’ యన్నది నేటి రాగమునకు పూర్వరూపము. భరతుడు 18 జాతులను చెప్పెను. పిమ్మట దేశమున ప్రజలు పాడుకొను గానము శాస్త్రజ్ఞుల దృష్టికి వచ్చినది. మతంగుని గ్రంథమునకు ‘దేశి’ యను పేరుండుట అందువలననే. జనుల చిత్తమును రంజింపజేయునది రాగమని లక్షణము చెప్పినవా డతడే. రాగము రాగానే జాతి తన యిల్లు విడిచి తాళము నాశ్రయించినది. నేడు జాతి యనిన లఘువునందలి అక్షరముల లెక్క: తిస్ర 3, చతురశ్ర 4, ఖండ 5, మిశ్ర 7, సంకీర్ణ 9. ఏడు తాళములకు ఐదు జాతులు చేర 35 తాళములు. భజనగోష్ఠిలో మనము చేతితో వేయు ఆదితాళము చతురశ్రజాతి త్రిపుటయే: లఘువు 4, ద్రుతములు రెండును కలిసి 4, మొత్తము 8 అక్షరములు.

13వ శతాబ్దమున దేవగిరి యాదవరాజగు సింఘణుని యాస్థానమున శార్ఙ్గదేవుడు సంగీతరత్నాకరమును రచించెను. దానికి మన రాచకొండ నేలిన సింగభూపాలుడు సంగీతసుధాకర మను వ్యాఖ్యను, 15వ శతాబ్దమున విజయనగర రాజ్యమున కల్లినాథుడు మరియొక వ్యాఖ్యను వ్రాసిరి. శాస్త్రము వ్యాఖ్యానింపబడుచుండగానే అందలి గ్రామము గాయకుల నోట మాయమగుచుండెను. కారణ మిది: గానమంతయు నొక్క స్థిరమైన షడ్జమును ఆధారము చేసికొన్నది. వీణకు మెట్లు వచ్చినవి. ఒక్క తంత్రిమీదనే స్వరస్థానములన్నియు నిలిచినవి. ఇక తంత్రి మార్చి మూర్ఛన కట్టవలసిన పని లేకపోయినది. నేడు బొబ్బిలి వీణపై మైనమున అమర్చిన 24 మెట్లను చూచినవారికి ఈ మార్పు కన్నులకు కట్టును.

ఈ క్రొత్త వ్యవస్థకు క్రొత్త మాట కావలసివచ్చినది. అది ‘మేళము’. 1550లో విజయనగరమున అళియ రామరాయల ప్రోత్సాహమున రామామాత్యుడు స్వరమేళకళానిధిని రచించెను. అందు వీణ కొక ప్రకరణమును కేటాయించి, మెట్లుంచు విధమును చెప్పి, రాగములను 20 మేళములుగా విభజించెను. గ్రామము వలెనే మేళమునకును కూడిక యనియే యర్థము. పెండ్లిపందిటి సన్నాయిమేళము మన కీ మాటను మరువనీయదు.

17వ శతాబ్దమున తంజావూరు విజయరాఘవ నాయకుని కాలమున వేంకటమఖి చతుర్దండిప్రకాశికలో ఈ లెక్కను తుదిముట్టించెను. షడ్జ పంచమములు మారవు. ఋషభ గాంధారముల జోడింపులు 6, ధైవత నిషాదముల జోడింపులు 6, ఆరార్లు 36. శుద్ధమధ్యమముతో 36, ప్రతిమధ్యమముతో 36, వెరసి 72. దీనికి ఒకటి హెచ్చింపను తగ్గింపను ఫాలలోచనునికైనను తరముకాదని ఆయన ధైర్యము. అయినను ఆనాడు వాడుకలోనున్నవి 19 మేళములు మాత్రమే! మిగిలినవి పాడువాడు లేని ఖాళీ యిండ్లు. రాబోవు కాలపు గానమునకై ఆయన ముందుగా ఇండ్లు కట్టి యుంచెను.

నేడు నేర్చు కనకాంగి మొదలగు పేర్లు సంగ్రహచూడామణి సంప్రదాయములోనివి. వానిలో సంఖ్య దాగియున్నది. మాయామాళవగౌళలో ‘మా’ ప-వర్గమున ఐదవది, ‘యా’ య-వర్గమున మొదటిది. 51ని త్రిప్పి చదివిన 15. సరళీస్వరములు నేర్చునది ఈ 15వ మేళమునందే. పిదప త్యాగరాజస్వామి (1767–1847) మన తెనుగు మాటలతో ఎన్నో అరుదైన రాగములకు ప్రాణము పోసెను. ఖాళీ యిండ్లలో దీపములు వెలిగినవి.

ఒకచోట గానము పోయి మాట మిగిలినది. మరియొకచోట మాట ముందు పుట్టి గానము వెనుక వచ్చినది. రెంటి నడుమను మాటను కాపాడినది పుస్తకమే. వేంకటమఖి గ్రంథము 1934లో మద్రాసు సంగీత విద్వత్సభవారిచే అచ్చుపడినది. అంతకుముందే సుబ్బరామ దీక్షితులు చిన్నస్వామి మొదలియారు ప్రోద్బలమున సంగీతసంప్రదాయప్రదర్శినిని తెలుగున వ్రాయగా, 1904లో ఎట్టయపురమున వెలువడినది. తమిళనాట పుట్టిన తెలుగు గ్రంథమది! 1919లో విజయనగరమున ఆదిభట్ల నారాయణదాసుగారు ప్రథమాధ్యక్షులుగా సంగీతపాఠశాల వెలసినది. తెలుగునేలపైనే ఈ విద్యకు నీడ యేర్పడినది.

పాటలు మన భాషలోనివి. వానిని వివరించు మాటలు మాత్రము మనవారిలో పలువురికి పరాయివైనవి. కచేరి వినుచు ‘బాగున్నది’ అని ఊరకుండువానికిని, ‘ఇది ఇరువదితొమ్మిదవ మేళము, ధీరశంకరాభరణము’ అని గుర్తించి ఆనందించువానికిని ఎంత యంతరము! కావున విద్యార్థులారా, లక్షణములను వల్లించుటకు ముందు వాని కథలను తెలిసికొనుడు. పెద్దలారా, ఈ గ్రంథాలయమున ఒక బీరువానైనను సంగీతగ్రంథముల కుంచుడు. పాడువాడు రేపు రావచ్చును. అంతవరకు మాట వేచియుండుటకు ఒక యిల్లు కావలెను గదా!